ఒక్క ఈతలోని హెచ్చుతగ్గులు: పందిపిల్లల పుట్టుక తూకమును గూర్చి

మన పావగడ తాలూకాలోని బాలుడు ఇంట ‘పాలు’ అని యడిగి, బజారున ‘హాలు’ అని కొనును. తెలుగున పులి యైనది కన్నడమున హులి; అట్లే పంది హంది. పేరు మారినను జంతువు మారలేదు. ఈ జంతువు పేరు విన్నంతనే ముఖము చిట్లించువారు కొందరు గలరు. తినువారు తిందురు, తిననివారు మానుదురు. ఆ చర్చ ఈ పాఠమునకు సంబంధింపదు. ప్రకృతి శాస్త్రమునందు అంటదగినది, అంటరానిది అను భేదము లేదు. ఒక్క తల్లి కడుపున, ఒక్క పూటలో పుట్టిన పిల్లలలో ఒకటి బ్రతికి బలియుటకును, మఱియొకటి రెండవ నాటికే చచ్చుటకును కారణమేమి? పెంపుడు జంతువులలో ఈ ప్రశ్నకు సమాధానము పందిపిల్లలయందు కనబడునంత స్పష్టముగ వేఱొక చోట కనబడదు. అందువలన ఈ విషయమును తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

మనది వానలు తక్కువైన మెట్టసీమ. ఉత్తర పినాకిని మన నాగలమడిక మీదుగనే పోవుచున్నను, అందు నీరు పారు దినములు కొద్ది. వేరుశనగ పండని యేట రైతును ఆదుకొనునవి గొఱ్ఱెలు, మేకలు. కొన్ని కుటుంబములకు తరతరములుగ పందియే ఆధారము. గంజి, తవుడు, పారవేసిన కూరగాయలు తిని, ఏడాదికి రెండు ఈతలు ఈనగల జంతువు అది. ఒక్క తల్లిపంది మాత్రమే గల యింట, ఎనిమిది పిల్లలలో మూడు చచ్చినచో, ఆ ఈత రాబడిలో మూడవ వంతునకు మించి మన్ను పాలైనట్లే. పిల్లవాని పుస్తకములును, బట్టలును ఆ మూడు పిల్లల వెలలోనే యుండవచ్చును.

కడుపులోని పంపకము

గొఱ్ఱె సాధారణముగ ఒక పిల్లను, అరుదుగ రెంటిని ఈనును. పంది అట్లు కాదు. మన దేశవాళి పంది ఆరేడు పిల్లలను ఈనును. తెల్ల యార్క్‌షైరు వంటి సీమజాతి పంది పదింటిని, అంతకు మించియు ఈనును. తల్లి వాటిని మోయు కాలము సుమారు 114 దినములు. మూడు నెలలు, మూడు వారములు, మూడు దినములు అని జ్ఞాపక ముంచుకొనుట సులభము.

పంది గర్భాశయము రెండు కొమ్ములుగ చీలి యుండును. కాయలో గింజలవలె పిండములు ఆ కొమ్ములలో వరుసగ నిలుచును. ప్రతి పిండమునకును దాని మావి వేఱు. ఆ మావి ఎంత పెద్దదైన, దానికి నెత్తురు ఎంత బాగుగ అందిన, ఆ పిండమునకు అంత ఆహారము దొరకును. చోటు ఇరుకైనచో కొన్ని మావులు చిన్నవిగ నుండిపోవును. తల్లి తిన్న మేత ఒకటియే. అది పిల్లలకు చేరు పాళ్లు మాత్రము సమానముగ నుండవు. అందువలన ఒక్క ఈతలోనే ఒక పిల్ల కిలోన్నర తూగుచుండగ, దాని తోడబుట్టినది ముప్పాతిక కిలో కూడ తూగకపోవుట కలదు. పిండముల సంఖ్య హెచ్చిన కొలది సగటు తూకము తగ్గును, పిల్లకును పిల్లకును నడుమ భేదము పెరుగును.

ఆహారము చాలని పిండము తనకున్న దానిని మొదట మెదడునకు ఖర్చు చేయును. కాలేయము, కండరములు, ప్రేగులు వెనుకబడును. అట్టి పిల్ల పుట్టినప్పుడు తల పెద్దదై, నొసలు నిటారుగ ముందుకు పొడుచుకొని వచ్చి, ఒడలు సన్నగ నుండును. పరదేశములలోని పశువైద్యులు ఆ నొసటిని డాల్ఫిను తలతో పోల్చుదురు. తూకము వేయుటకు త్రాసు లేనప్పుడు ఈ గుర్తు చూచి గిడసబారిన పిల్లను పోల్చుకొనవచ్చును. అన్ని అవయవములును పొందికగ నుండి కేవలము చిన్నదిగ నున్న పిల్ల వేఱు, ఇట్టి గిడస పిల్ల వేఱు. మొదటిది కొంచెము సాయముతో నిలదొక్కుకొనును. రెండవదానిని నిలుపుట కష్టము.

పుట్టిన తరువాతి నలువది యెనిమిది గంటలు

పాలు మానక ముందు చచ్చు పందిపిల్లలలో సగమునకు పైగ మొదటి మూడు దినములలోనే చచ్చును. ఇందుకు మూడు కారణములు చెప్పుదురు: చలి, ఆకలి, తల్లి క్రింద పడి నలుగుట. ఇవి మూడు వేఱు వేఱు కారణములుగ తోచును గాని, నిజమునకు ఒక్క గొలుసులోని మూడు కడియములు.

ముందు చలి సంగతి చూతము. పందిపిల్ల తల్లి కడుపున 39 డిగ్రీల వెచ్చదనములో నుండి ఒక్కమారుగ తడి యొంటితో నేలమీద పడును. దూడవలె దానికి దట్టమైన బొచ్చు లేదు. తల్లి నాకి ఆరబెట్టదు. ఒంటిలో కొవ్వు నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే. పుట్టిన నాడు దానికి కావలసిన వెచ్చదనము సుమారు 34 డిగ్రీలు. మన సీమలో పుష్యమాసపు రాత్రులు అందులో సగమునకు దిగుచుండును. మనకు హాయిగ నున్న గాలి దానికి మంచు వంటిది.

చిన్న పిల్లకు ఈ బాధ ఏల ఎక్కువ? కాగులోని వేడినీరు తెల్లవారు వరకును గోరువెచ్చగ నుండును, చెంబులోని నీరు క్షణములో చల్లారును. వస్తువు చిన్నదైన కొలది దాని బరువుతో పోల్చగ పైభాగము ఎక్కువ. వేడి పోవునది పైభాగము నుండియే. అందుచే అరకిలో పిల్ల కిలోన్నర పిల్లకన్న త్వరగ చల్లబడును. తిరిగి వేడెక్కుటకు దానికి పెట్టుబడియు తక్కువ. కాలేయమునందును కండలయందును గ్లైకోజెన్ అను పిండిపదార్థము కొంత నిలువ యుండును. చిన్న పిల్లయందు ఆ నిలువ స్వల్పము. కొలది గంటలలో తరిగిపోవును.

పిమ్మట ఆకలి. చల్లబడిన పిల్ల మందగించును. చన్ను వెదకి నడువలేదు, తోటి పిల్లలతో పోరాడలేదు. పందికి పాలు ఎల్లవేళల రావు. గంటకు ఒకమారు, కొన్ని క్షణములు, పది యిరువది సెకండ్లు మాత్రమే చేపును. ఆ క్షణమున చన్ను నోట లేని పిల్ల మరల గంట సేపు వేచి యుండవలసినదే. పైగ మొదటి రెండు మూడు దినములలో ప్రతి పిల్లయు ఒక చన్నును తనదిగ చేసికొనును. ముందు వరుస చన్నులు పాలు బాగుగ ఇచ్చును. బలము గల పిల్లలు వాటిని ఆక్రమించును. బలహీనమైనదానికి వెనుకటి చన్ను దక్కును, లేదా ఏదియు దక్కదు.

చివరిది నలుగుట. చలికి వణకి, ఆకలికి సొమ్మసిల్లిన పిల్ల వెచ్చదనము కొఱకు తల్లి ఒడలిని ఆనుకొని పడుకొనును. తల్లి ప్రక్కకు ఒత్తిగిలినప్పుడు బలము గల పిల్ల కీచుమని తప్పించుకొనును. బలము లేనిది లేవలేదు. చూచువారు ‘తల్లి తొక్కి చంపినది’ అందురు. తల్లి దోషమందు కొంతయే; పిల్లను కదలలేనట్లు చేసిన చలియు ఆకలియు ముందే తమ పని ముగించినవి.

ముర్రుపాల మహిమ

ఆవు ఈనినప్పుడు మొదటి పాలతో మనము జున్ను వండుకొందుము. ఆ పాలు కాగినంతనే గడ్డకట్టుటకు కారణము వాటిలోని మాంసకృత్తుల సమృద్ధి. అందులో పెద్ద భాగము రోగములను ఎదిరించు రక్షక ద్రవ్యములు. మనుష్య శిశువునకు ఇట్టి రక్షక ద్రవ్యములు కొన్ని తల్లి గర్భముననే మావి ద్వారా చేరును. పంది మావి నిర్మాణము వేఱు; దానిగుండ ఇవి పిల్లకు చేరవు. కావున పందిపిల్ల రోగములకు ఎదురులేని ఒంటితో పుట్టి, ఆ రక్షణను ముర్రుపాలనుండియే పొందవలెను. ప్రేగులు ఆ ద్రవ్యములను ఉన్నవియున్నట్లుగ నెత్తురులోనికి రానిచ్చునది మొదటి ఇరువది నాలుగు గంటలు, మహా యైన ముప్పదియాఱు గంటలు మాత్రమే. అటుపిమ్మట ఆ ద్వారము మూతపడును.

ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ఈ విషయమున కొలతలు తీసి, మొదటి దినమున పిల్లకు కనీసము 200 గ్రాముల ముర్రుపాలు అందినచో మరణభయము మిక్కిలి తగ్గుననియు, 250 గ్రాములు అందినచో తరువాతి పెరుగుదలయు బాగుండుననియు తేల్చిరి. గమనింపదగిన సంగతి మఱియొకటి: పిల్లలు ఎక్కువైనంత మాత్రమున తల్లికి ముర్రుపాలు ఎక్కువ రావు. ఎనిమిది పిల్లలున్నను పదునాలుగున్నను కుండలోని పాలు ఇంచుమించు అన్నియే. బలవంతుడు రెండు వంతులు త్రాగిన, బలహీనునకు మిగులునది శూన్యము.

సగటు చెప్పని సంగతి

ఇచట పిల్లలకు ఒక లెక్క. రెండు తల్లిపందులు చెరి యెనిమిది పిల్లలను ఈనినవని ఊహింతము. మొదటిదాని పిల్లల తూకములు గ్రాములలో 920, 950, 980, 1000, 1000, 1020, 1050, 1080. రెండవదాని పిల్లలవి 550, 700, 850, 1000, 1050, 1200, 1300, 1350. రెంటి మొత్తమును 8000 గ్రాములే. సగటు 1000 గ్రాములే. సగటు మాత్రమే చూచిన యజమాని రెండు ఈతలును సమానమని తృప్తి పడును. కాని మొదటి ఈతలో పెద్దదానికిని చిన్నదానికిని భేదము 160 గ్రాములు. రెండవదానిలో 800 గ్రాములు. రెండవ యింట 550 గ్రాముల పిల్ల తనకు రెండింతలకు మించిన తోబుట్టువులతో చన్ను కొఱకు పోరాడవలెను. మొదటి యింట ఎనిమిదియు నిలుచు ఆశ కలదు. రెండవ యింట చిన్నవి రెండును ప్రమాదమున నున్నవి. ఇందుచే ఈతలో సమత్వము సగటు తూకముతో సమానమైన సంపద యని తెలియవలెను.

మిక్కిలి పెద్ద పిల్లయు మేలని తలపరాదు. పెద్ద పిల్ల బయటపడుట ఆలస్యమైనచో ఊపిరాడక చచ్చి పుట్టవచ్చును. కావలసినది జాతికి తగిన తూకము, ఈతలో పొందిక.

పెరుగుదలయందు భేదము

బ్రతికిన చిన్న పిల్లకైనను తోటి పిల్లలతో సమానముగ పెరుగుట సులభము కాదు. కండరము సన్నని పోగులతో నేసిన వస్త్రము వంటిది. పందియందు ఆ పోగుల సంఖ్య గర్భమున సుమారు తొంబదవ దినమునకే చాలవరకు నిర్ణయమగును. పుట్టిన పిమ్మట పోగులు లావెక్కునే గాని సంఖ్యలో అంతగ హెచ్చవు. గర్భమున ఆహారము చాలని పిల్లకు పోగులు తక్కువ. కావున అది ఆలస్యముగ ఎదుగును, పెద్దదైన పిమ్మట కండకన్న కొవ్వు ఎక్కువ పట్టును. పుట్టిన నాడు కొలది వందల గ్రాములున్న భేదము పాలు మానునాటికి కిలోగ్రాములగును. సంతకు తోలు తూకము వచ్చుటకు చిన్నదానికి మఱికొన్ని వారముల మేత కావలెను. చిన్న పిల్లను కాపాడిన యజమాని ఆ మేత ఖర్చును ముందే లెక్కలో వేసికొనుట మంచిది.

ఇతర దేశములును, మన ఇరుగుపొరుగును

డెన్మార్కు దేశమువారు ఎక్కువ పిల్లలను ఈను జాతులను ఏరి ఏరి పెంపొందించిరి. పిల్లల సంఖ్య హెచ్చినది. దానితో చిన్న పిల్లలును, చావులును హెచ్చినవి. అందుచే 2004లో వారు తమ కొలబద్దనే మార్చుకొనిరి. పుట్టిన పిల్లలను గాక, ఐదవ దినమునకు బ్రతికి యున్న పిల్లలను లెక్కించి, ఆ లెక్కను బట్టి తల్లులను ఏరుట ఆరంభించిరి. చైనాలోని మీషాను పంది దీనికి వేఱొక దృష్టాంతము. దాని పిల్లలు ఐరోపా జాతుల పిల్లలకన్న చిన్నవి. అయినను ఒకదానితో ఒకటి పొందికగ నుండి, పుట్టునాటికి ఒడలు పక్వమై యుండుటచే బాగుగ బ్రతుకును. తూకమును జాతితోను, తోబుట్టువులతోను పోల్చి చూడవలెనే గాని ఒంటరి సంఖ్యగ చూడరాదని దీనివలన తెలియుచున్నది. మన దేశవాళి పిల్ల సాధారణముగ కిలో లోపే తూగును. అంత మాత్రమున అది గిడస కాదు.

తెలుగు సీమలో ఈ విద్యకు నిలయము తిరుపతి. అచటి పశువైద్య కళాశాల 1955లో వెలసినది. అఖిల భారత సమన్వయ పంది పరిశోధన పథకము 1970–71లో ఆరంభమైనప్పుడు తిరుపతి దాని తొలి కేంద్రములలో నొకటి. మన దేశవాళి పందిని తెల్ల యార్క్‌షైరుతో కలిపి, సీమరక్తము ముప్పాతిక పాలుగల సంకర జాతిని అచట రూపొందించిరి. ఎక్కువ పిల్లలు, పెద్ద తూకము సీమజాతి గుణములు. ఎండకును కొఱత మేతకును ఓర్చుట దేశవాళి గుణము. రెంటిని కలుపుటయందలి ఉద్దేశ మిదియే. 2019 పశుగణనయందు దేశములోని పందుల సంఖ్య 90 లక్షలకు చేరువగ తేలినది. 2012 లెక్కకన్న నూటికి పండ్రెండు వంతులు తక్కువ. మంద తగ్గుచున్న కాలమున పుట్టిన పిల్లను నిలుపుకొనుట మఱింత ముఖ్యము.

చేయదగిన పనులు

ఖర్చు తక్కువైన, ఇంటి పిల్లలును చేయగల పనులను ఇచట చెప్పుచున్నాము.

మొదటిది, చూలు పంది మేత. కడపటి నెలలో పిండములు వేగముగ పెరుగును. అప్పుడు తవుడుతో పాటు వేరుశనగ పిండి వంటి సత్తువ గల మేత కలిపి పెట్టవలెను. చూలు నిలిచిన నాటినుండియే తల్లిని ఎండగట్టరాదు.

రెండవది, కాపలా. 114 దినముల లెక్క గోడమీద వ్రాసికొనినచో ఈను దినము ముందే తెలియును. ఆ రాత్రి ఒకరు మేల్కొని యుండి, పుట్టిన ప్రతి పిల్లను పొడిగుడ్డతో తుడిచి, ముక్కు నోరు శుభ్రపఱచి, చన్ను నోటికి అందింపవలెను. ఈ ఒక్క పనియే అనేక ప్రాణములను నిలుపును.

మూడవది, వెచ్చదనము. దొడ్డిలో ఒక మూల రాగిగడ్డి గాని వేరుశనగ పొట్టు గాని దట్టముగ పఱచి, తల్లి దొర్లి రాకుండునట్లు అడ్డుకఱ్ఱ కట్టి, పైన వేడినిచ్చు దీపమును వ్రేలాడగట్టవలెను. ఎల్.ఇ.డి. దీపములు వెలుగునిచ్చును గాని వేడి నీయవు. పాత రకపు తీగదీపము గాని, వేడికొఱకే చేసిన దీపము గాని కావలెను. గడ్డికి నిప్పంటుకొనని యెత్తున దానిని కట్టుట మఱవరాదు. 2018లో ఆరంభమైన మన తిరుమణి ప్రాంతపు సౌరవిద్యుత్ క్షేత్రము 2,050 మెగావాట్ల శక్తి గలది. అట్టి తాలూకాలో ఒక పందిపిల్ల చలికి చచ్చుట మనకు తగదు.

నాలుగవది, ముర్రుపాల పంపకము. మొదటి దినమున పెద్ద పిల్లలు కడుపు నిండ త్రాగిన పిమ్మట వాటిని గంట సేపు గంపలో వేసి మూసి, చిన్నవాటిని తల్లియొద్ద విడువవలెను. గంపలోనివి అరచును, అరవనిండు. చన్ను పట్టలేని పిల్లకు తల్లి పాలు పిండి చెంచాతో కొంచెము కొంచెముగ పోయవలెను.

ఐదవది, మార్పిడి. ఒక్క దొడ్డిలో రెండు పందులు ఒకే వేళకు ఈనినచో, పిల్లలు తమ తల్లి ముర్రుపాలు త్రాగిన పిమ్మట, రెండు దినములలోపల, తూకమున సమానమైనవాటిని ఒక చోట చేర్చవచ్చును. చన్నుల సంఖ్యను మించి పిల్లల నుంచరాదు. పరుల మందనుండి పిల్లను తెచ్చుట మాత్రము రోగభయముచే మంచిది కాదు.

ఆఱవది, ఇనుము. పిల్లకు దినమునకు సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము కావలెను; తల్లి పాలలో దొరకునది ఒక మిల్లీగ్రామునకు అటునిటు. మన్ను త్రవ్వుకొని తిరుగు పల్లె పిల్లకు నేలనుండి ఇనుము దొరకును. సిమెంటు నేలమీద కట్టి పెంచు పిల్లకు ఆ మార్గము లేదు. అట్టివాటికి మూడవ దినమున పశువైద్యునిచే ఇనుపమందు సూది వేయింపవలెను. ఈ విషయమున వేగముగ పెరుగు పెద్ద పిల్లలకే కొఱత ముందుగ కలుగును.

ఇంత చేసినను కొన్ని పిల్లలు చచ్చును. మిక్కిలి గిడసబారినదానిని నిలుపుట ఎవరితరమును గాకపోవచ్చును. అయినను తక్కువ తూకమున పుట్టినదంతయు చావవలసినదే యనుట సరి కాదు.

మన యిండ్లకు వర్తించు మాట

ఈ పాఠమును చదివిన తల్లులకు ఒక విన్నపము. మనుష్య శిశువు 2500 గ్రాములకు తక్కువ తూగినచో తక్కువ తూకపు బిడ్డ యని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారవేయు అలవాటు కొన్ని యిండ్లలో నుండెడిది. ఆ అలవాటు ఎచట మిగిలి యున్నను మానవలెను. పుట్టిన మొదటి గంటలోనే తల్లిపాలు పట్టుమని ఆ సంస్థయే చెప్పుచున్నది. మావి ద్వారా కొంత రక్షణ పొందిన మన బిడ్డకే అవి అంత ముఖ్యమైనచో, ఏ రక్షణయు లేక పుట్టు పందిపిల్ల మాట చెప్పనేల!

పందులను గాని, గొఱ్ఱెలను గాని, మేకలను గాని పెంచు ప్రతి యింటను ఒక స్ప్రింగు త్రాసును, ఒక నోటు పుస్తకమును ఉంచుడు. ఈత జరిగిన నాడు బడికి పోవు పిల్లవానిచే ప్రతి పిల్లను తూయించి, తూకము, తేదీ వ్రాయింపుడు. సగటు కట్టింపుడు, పెద్దదానికిని చిన్నదానికిని గల భేదము తీయింపుడు, ఐదవ దినమున ఎన్ని మిగిలినవో మరల వ్రాయింపుడు. రెండు మూడు ఈతల లెక్క చేరినప్పుడు, ఏ తల్లిని ఉంచుకొనవలెనో, ఏ పిల్లకు ఏ రాత్రి దీపము పెట్టవలెనో ఆ పుస్తకమే మీకు తెలుపును. పిల్లవానికి గణితమును, ఇంటికి లాభమును ఒక్క పనితో సిద్ధించును.